నోరు తెరవమని డాక్టరు ఎందుకు అడగడు?

కాలవలకు నీళ్లు వదిలేలోగా ట్రాక్టరు సిద్ధం చేసుకోవాలని ప్రతి వేసవిలో మన డెల్టా రైతు ఆటోనగర్ దారి పడతాడు. దమ్ము చక్రాలకు వెల్డింగో, ట్రక్కుకు కొత్త పలకలో, ఏదో ఒక పని ఉంటుంది. మొన్న మే నెలాఖరులో నేనూ అలాగే వెళ్లాను. హైడ్రాలిక్ లిఫ్టు సరిగ్గా లేవడం లేదని చెప్పి బండి అప్పజెప్పాను. పాతికేళ్లుగా అదే షెడ్డులో ఉన్న మేస్త్రీ లిఫ్టు చూసి ఊరుకోలేదు. క్లచ్ తొక్కి చూశాడు. ఫ్యాను బెల్టును వేలితో నొక్కాడు. ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "బాబాయ్, లిఫ్టు పని అయిపోతుంది గానీ ముందు చక్రం బేరింగు పోతోంది. ఇప్పుడైతే బేరింగుతో సరి. దమ్ములో ఉండగా పోతే మీకు పనీ ఆగుతుంది, ఖర్చూ నాలుగింతలవుతుంది" అన్నాడు. నేను అడగలేదు. అయినా చెప్పాడు. ఆటోనగర్‌లో పని తెలిసిన ఏ మేస్త్రీ అయినా అంతే.

మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు తెప్పిస్తే ఆయన ముట్టుకోలేదు. కారం తగిలితే నోరు మండిపోతోందట. ఏడాది పైనుంచి అంతేనట. రెండేళ్ల కిందట మా బావమరిది నోటి క్యాన్సర్‌తో పోయాడు గనుక నాకు ఆ మాత్రం తెలుసు. నోరు తెరవమన్నాను. మామూలు మనిషికి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. ఆయనకు రెండు కూడా కష్టంగా పట్టాయి. చెంప లోపల తెల్లటి మచ్చ ఉంది. మొదట గుట్కా, ఆ తర్వాత ఖైనీ, మొత్తం ఇరవై ఏళ్ల అలవాటు.

"డాక్టరుకు చూపించావా?" అన్నాను.

"బీపీ బిళ్లల కోసం నెలనెలా వెళ్తూనే ఉన్నాగా బాబాయ్."

"మరి నోరు చూశాడా?"

"ఆయన చూళ్లేదు, నేను చెప్పలేదు."

ఈ నాలుగు ముక్కల కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. క్యాన్సర్ మాట ఎత్తగానే "ప్రజల్లో అవగాహన లేదు" అనడం మనవాళ్లకు అలవాటైపోయింది. ర్యాలీలు తీస్తారు, గులాబీ రిబ్బన్లు పెడతారు, బెలూన్లు ఎగరేస్తారు. నెలనెలా తన ఎదురుగా వచ్చి కూర్చునే మనిషిని "నోరు తెరువు" అని అడగని వైద్యుడి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. లక్షణాలు తెలుసుకుని, భయం పోగొట్టుకుని, సెలవు పెట్టుకుని, ఎక్కడికెళ్లాలో కనుక్కుని వెళ్లాల్సిన బాధ్యతంతా రోగి మీదే వేశాం. మేస్త్రీ నాకు చేసిన పని డాక్టరు మేస్త్రీకి చేయలేదు.

డాక్టరు చెప్పినా మనవాళ్లు వినరనే వాదన ఒకటుంది. అది అబద్ధమని మన రాష్ట్రమే చెబుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఇది 3 శాతానికి కాస్త ఎక్కువ. అంటే దేశంలోకెల్లా మన రాష్ట్రమే ముందుంది. వీళ్లలో చాలామంది నడుం వంచి నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువ రోజులు ఉంటోందనో, నడుం నొప్పనో వెళ్తారు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా ఆ సంచి? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది" అనే మాట వినని ఊరు మన రెండు జిల్లాల్లోనూ ఉండదు. ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, ప్రైవేటు ఆసుపత్రుల్లో వాటికి ప్రభుత్వమే అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది.

ఆ మాట మీద నమ్మకంతో ముప్పై అయిదేళ్ల మనిషి కోతకు సిద్ధపడింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. నాలుగు నెలలు బరువు ఎత్తొద్దంటే కూలి పోగొట్టుకుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల నొప్పులు వయసు రాకముందే మొదలయ్యాయి. ఇంత పని చేయించగలిగిన మాటకు ఒక చిన్న పరీక్ష చేయించే బలం లేదంటే ఎలా నమ్మాలి? అసలు విడ్డూరం ఏమిటంటే, క్యాన్సర్ పేరు చెప్పి సంచి తీయించిన చోట కూడా క్యాన్సర్ ముందస్తు పరీక్ష చేసిన దాఖలా చాలామంది కాగితాల్లో కనిపించదు. నిజంగా క్యాన్సర్ ఉండి, అది తెలియకుండా మామూలు ఆపరేషన్ చేసేస్తే రోగికి మరింత చేటు. మన ఆడవాళ్లు ఆ మాట విన్నారు. చెప్పినవాళ్లే పరీక్ష వదిలేసి కత్తి గురించి చెప్పారు.

ఆ పరీక్ష ఎంత పనో చూద్దాం. గర్భాశయ ముఖద్వారం మీద పలుచటి ఎసిటిక్ ఆసిడ్ ద్రావణం అద్దుతారు. మన ఇంట్లో వెనిగర్ లాంటిదే. ఒక నిమిషం ఆగి మంచి వెలుతురులో చూస్తారు. తేడా ఉన్న చోటు తెల్లగా తేలుతుంది. మత్తు అక్కర్లేదు, కోత అక్కర్లేదు. మొత్తం పని పది నిమిషాల లోపే. క్యాన్సర్‌గా మారకముందున్న మచ్చ అయితే చాలా సందర్భాల్లో అక్కడికక్కడే వేడితోనో చల్లదనంతోనో మాడ్చేయవచ్చు. నోటికైతే టార్చిలైటు, చేతికి తొడుగు చాలు. రొమ్ముకు శిక్షణ పొందిన నర్సు చెయ్యి చాలు.

ఇవి పెద్ద డాక్టర్లే చేయాలని కూడా లేదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు పదో తరగతి చదివిన మహిళలకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి ఈ ఆసిడ్ పరీక్ష చేయించారు. లక్షన్నర మంది మహిళలతో పన్నెండేళ్లు సాగిన ఆ పరిశోధన ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పరీక్ష అందిన వైపు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులు ఒక్కసారి పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి చికిత్స అందిస్తే 35 శాతం తగ్గాయని 2007లోనే తేలింది. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో బయటపడింది. ముంబయిలోనే చేతితో రొమ్ము పరీక్ష చేసిన మరో అధ్యయనంలో యాభై దాటినవారికి దాదాపు 30 శాతం మేలు కనిపించింది.

అన్ని చోట్లా ఒకే ఫలితం వచ్చిందని చెప్పను. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ పల్లెల్లో ఆసిడ్ పరీక్ష అంతగా పనిచేయలేదు. అక్కడ హెచ్‌పీవీ అనే వైరస్‌ను పట్టే పరీక్ష ఒక్కసారి చేస్తేనే మరణాలు సగానికి దగ్గరగా తగ్గాయి. అది 2009 నాటి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు ఆ వైరస్ పరీక్షనే ముందు పెట్టమంటోంది. మన ప్రభుత్వాలు అది ఎప్పుడు తెస్తాయో అడగాల్సిందే. అది వచ్చేదాకా ఉన్నదైనా చేయకుండా కూర్చోవడానికి వీల్లేదు. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా లక్షా 27 వేల మందికి ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, సుమారు 80 వేల మంది చనిపోతున్నారు.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ నోరు, ఆడవాళ్లకు వీటితోపాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం అయిదేళ్లకోసారి పరీక్షించాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 సర్వేలో చూస్తే 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. 1.9 శాతం. రొమ్ము, నోటి పరీక్షలు చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

మన రాష్ట్రంలో 2024 నవంబరులో ఇంటింటికీ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టారు. పద్దెనిమిది దాటిన అందరినీ చూస్తామన్నారు. మంచి పనే, కాదనం. కానీ నవంబరంటే డెల్టాలో సార్వా కోతలు. ఆడామగా అందరూ చేలో ఉన్నప్పుడు ఇంటి తలుపు తడితే ఎవరుంటారు? ముసలివాళ్లు, చంటిపిల్లలు. విజయవాడలో క్యాలెండరు చూసి తేదీలు పెట్టేవాళ్లు ఒక్కసారి వ్యవసాయ శాఖను అడిగినా ఈ సంగతి తెలిసేది. పైగా గర్భాశయ పరీక్ష ఇంటి అరుగు మీద చేసేది కాదు. అక్కడ చేయగలిగింది మాట చెప్పడమే. "అక్కా, నీకు ముప్పై ఎనిమిది దాటాయి. నీకు ఈ పరీక్ష చెయ్యాలి. బుధవారం క్లినిక్‌కి రా, నేనే ఉంటాను" అనే మాట. ఆ మాటకు బదులు ఫోన్‌లో గడులు నిండాయి. "నోట్లో పుండ్లున్నాయా? లేవు. రొమ్ములో గడ్డలున్నాయా? లేవు." పరీక్ష అయిపోయినట్టే. మా వీధిలో నేను కళ్లారా చూసింది ఇదే.

ఈ మాట అన్నందుకు ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు నొచ్చుకోవద్దు. వాళ్ల ధర్నాలకు వెళ్లి కూర్చున్న సంఘం మనది. ఒక్క ఏఎన్‌ఎం ఫోన్‌లో ఎన్ని యాప్‌లున్నాయో చూసినవాళ్లకు ఆమె మీద కోపం రాదు. టీకాలు, గర్భిణులు, దోమలు, సర్వేలు, ముఖం చూపించే హాజరు, వీటన్నిటి మీద మళ్లీ క్యాన్సర్. చేయడానికి మూసుకునే గది ఉండదు, తెర ఉండదు, పడుకోబెట్టే బల్ల ఉండదు, ద్రావణం అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకరోజు శిక్షణలో తెరమీద బొమ్మలు చూపించి పంపితే, నిజం మనిషి దగ్గర తెల్లమచ్చను గుర్తుపట్టే ధైర్యం ఆమెకు ఎలా వస్తుంది? తప్పు చెబితే ఊరు ఊరంతా ఆమెనే తిడుతుంది. గడి నింపేయడమే క్షేమం అనుకుంటుంది. ఆమె స్థానంలో ఉంటే మనమూ అదే చేస్తాం.

డాక్టర్ల సంగతి వేరు. ఫ్యామిలీ డాక్టరు పేరుతో 2023 నుంచి పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు 104 బండితో ఊరికి వస్తున్నాడు. బీపీ, షుగరు ఉన్నవాళ్లంతా వరసలో నిలబడతారు. అందరూ నలభై, యాభై దాటినవాళ్లే, అంటే పరీక్షలు కావలసినవాళ్లే. బిళ్లల చీటీ రాస్తూ "నోరు తెరవండి" అనడానికి అర నిమిషం. "ముఖద్వారం పరీక్ష అయిందా అమ్మా?" అని అడగడానికి ఇంకో అర నిమిషం. సూర్యారావుపేటలో బోర్డులు పెట్టుకున్న ప్రైవేటు డాక్టర్లకూ, ఊళ్లో సూదులు వేసే ఆరెంపీలకూ ఇదే వర్తిస్తుంది. జ్వరానికి మన జనం మొదట వెళ్లేది ఆరెంపీ దగ్గరికే. ఆయన్ను దొంగ డాక్టరని తిట్టడం తేలిక. ఆర్నెల్లుగా మానని పుండుకు బిళ్లలు ఇస్తూ కూర్చోకుండా రెండు వారాలకు పెద్దాసుపత్రికి పంపేలా ఆయన్ను మన దారికి తెచ్చుకోవడం అంతకన్నా పనికొచ్చే పని.

వాళ్లతో ఎలా చేయించాలన్న దాని మీద అమెరికాలో నిపుణుల బృందం ఒకటి ఏళ్ల తరబడి అధ్యయనాలన్నీ జల్లెడ పట్టింది. రోగి కాగితం మీద "ఈమెకు పరీక్ష బాకీ ఉంది" అని డాక్టరుకు కనిపించేలా గుర్తు పెట్టడం పనిచేస్తుందట. తన దగ్గరికొచ్చిన వాళ్లలో ఎందరికి పరీక్ష చేయించాడో ఆ డాక్టరుకే లెక్క చూపించడమూ పనిచేస్తుందట. తలకింతని డబ్బులివ్వడం పనిచేస్తుందని చెప్పడానికి మాత్రం తగిన రుజువులు దొరకలేదు. పాడి ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. పాలకేంద్రంలో రోజూ వెన్న శాతం చీటీ చేతికిస్తారు. ఎవరూ తిట్టక్కర్లేదు. శాతం పడిపోతే రైతే దాణా సంగతి చూసుకుంటాడు. ఊరి క్లినిక్‌కూ అలాంటి చీటీ కావాలి: ముప్పై దాటినవారు ఇంతమంది, పిలిచింది ఇంతమందిని, వచ్చినవారు ఇంతమంది, తేడా కనిపించినవారు ఇంతమంది, పెద్దాసుపత్రికి చేరినవారు ఇంతమంది. ఇప్పుడు పైకి వెళ్లే లెక్కలో మొదటి రెండే పెద్ద అంకెలుగా కనిపిస్తున్నాయి. చివరిది ఎవరికీ పట్టదు.

ఆ చివరి అంకె దగ్గరే మనుషులు జారిపోతారు. మేస్త్రీనే తీసుకోండి. నాలుగు రోజుల తర్వాత నేనే వెంటపడి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు, దానికి ముందు మెట్టు అన్నారు. ఖైనీ మానేయాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ఊపిరి పీల్చుకున్నాం. అయితే మళ్లీ ఏ తేదీకి రావాలో చీటీ మీద రాయలేదు. రాకపోతే ఫోన్ చేసేవాళ్లూ లేరు. తేదీ నా డైరీలో ఉంది. షెడ్డులో రోజుకూలీ మీద బతికే మనిషి, ఎదురుగా లారీ నిలబడి ఉండగా నొప్పి లేని నోరు చూపించుకోవడానికి తనంతట తాను వెళ్తాడనుకోవడం అత్యాశ. పల్లెలో ఇది ఇంకా కష్టం. దివిసీమ నుంచి గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కు వెళ్లి రావాలంటే ఇద్దరికి బస్సు ఛార్జీలు, ఇద్దరి కూలి, తిండి. అక్కడ చికిత్సకు డబ్బు తీసుకోకపోయినా అక్కడిదాకా వెళ్లడానికి డబ్బు కావాలి.

ఈ డెల్టాకు క్యాన్సర్ కొత్త కాదు. నిమ్మకూరు బిడ్డ ఎన్టీ రామారావు భార్య బసవతారకం క్యాన్సర్‌తోనే పోయారు. ఆమె పేరుతో 2000లో ఆసుపత్రి వెలిసింది, కానీ హైదరాబాద్‌లో. పేదలకు ఆసరాగా ఉన్న ఎంఎన్‌జే ఆసుపత్రీ 2014 తర్వాత పక్క రాష్ట్రానిదైంది. ప్రపంచమంతా తెలిసిన క్యాన్సర్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడిది మన మంటాడ. రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ను సలహాదారుగా పెట్టుకుంది. సంతోషమే. మంటాడ చుట్టుపక్కల ఊళ్లలో నాట్లు వేసే ఆడవాళ్లలో ఎంతమందికి పరీక్ష అయిందో ఆయన చేతనే ప్రభుత్వం అడిగిస్తే ఇంకా సంతోషం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డాక్టర్ల మాట బలమైందంటున్నాం కాబట్టే ఇది మరీ అవసరం. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటరీ కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. ఆ తప్పు వల్ల వచ్చిన అనుమానం ఇప్పటికీ పోలేదు. అందుకే పరీక్ష గురించి చెప్పడం వేరు, లక్ష్యం పూర్తి చేయడానికి లాక్కెళ్లడం వేరు. ఏం చేస్తారో, తేడా కనిపిస్తే తర్వాత ఏమిటో, కనిపించినదల్లా క్యాన్సర్ కాదనీ ముందే చెప్పాలి. వద్దంటే మళ్లీ వచ్చేసారి అడగాలి. పరీక్షలో మచ్చ కనబడిందని మళ్లీ గర్భసంచి తీయించే బేరం మొదలుకాకుండా కాపలా కాయాల్సింది కూడా మన సంఘమే.

ఇప్పుడు నాట్లు నడుస్తున్నాయి. ఎవరినీ ఆసుపత్రికి రమ్మనలేం. కానీ నోరు చూడటానికి కాలంతో పని లేదు, అది ఈ నెల 104 బండి దగ్గరే మొదలుపెట్టించవచ్చు. ప్రతి గ్రామ కమిటీ నుంచి ఇద్దరు ఆ రోజు అక్కడ ఉండి డాక్టరుగారిని మర్యాదగానే అడగాలి. గర్భాశయ, రొమ్ము పరీక్షల రోజులు మినుము తీసిన తర్వాత, మార్చి నుంచి మే దాకా పెట్టాలి. అప్పుడు ఉపాధి హామీ పని దగ్గర ఊరి ఆడవాళ్లంతా ఒకచోట దొరుకుతారు. పరీక్షకు వెళ్లిన రోజుకు కూలి కట్టివ్వాలని అడుగుదాం. తేడా కనిపించి గుంటూరుకో విజయవాడకో పంపినవాళ్లకు తోడుగా ఒకరికి కూడా ఛార్జీలు ఇవ్వాలి. ఆసుపత్రి కోతకూ మందులకూ వేలు, లక్షలు చెల్లించే పథకం ఆ బస్సు టికెట్టుకూ చోటివ్వాలని అధికారులను అడగాలి. క్లినిక్‌లో గది, తెర, బల్ల, ద్రావణం ఉన్నాయో లేవో కమిటీ సభ్యులు, ముఖ్యంగా మహిళా సభ్యులు, స్వయంగా వెళ్లి చూసి రాసుకు రావాలి. ఏఎన్‌ఎంను నిలదీయడానికి కాదు. ఆమెతో కూర్చుని, ఆమెకు ఏం కావాలో ఆమె నోటితోనే చెప్పించుకుని రాయాలి. ఆ కాగితాలు ఆగస్టు 10లోగా మండల కార్యదర్శులకు అందితే ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల డీఎంహెచ్‌ఓలకు ఒకేసారి ఇస్తాం.